కౌజు కూత, ఖాళీ గ్లాసు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను కోతలు కోస్తాను. అబద్ధాలు చెప్పను, ఉన్నదానికే కాస్త నీళ్లు పోసి పెంచుతాను. తాటికాయంత అని నేనంటే మీరు నిమ్మకాయంత అనుకోండి. ఊరంతా పరిగెత్తుకొచ్చింది అంటే ఇద్దరొచ్చారని, అందులో ఒకాయన దారిన పోతూ ఆగాడని అర్థం చేసుకోండి. తిరువూరు బస్టాండు దగ్గర నాకు మోటార్లు, వైర్లు అమ్మే షాపుంది. స్విచ్చి కొనటానికి ఐదు నిమిషాలు, నా కబుర్లు వినటానికి గంటా పెట్టుకుని రైతులు వస్తారు. ఇదీ కోతే, పావుగంట. మా ఆవిడైతే నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, చివర్లో "సరే, ఇప్పుడు జరిగింది చెప్పండి" అంటుంది.

ఈ సంగతి మాత్రం ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు. జరిగిందేమిటో నాకే తెలియనప్పుడు ఏం చెప్పను? రెండేళ్లుగా తెల్లవారుజామున నా చెవులు ముందు లేస్తున్నాయి, నేను ఆ తర్వాత అరగంటకి లేస్తున్నాను. ఆ అరగంటా నా చెవులు ఒంటరిగా దేనికోసం చూస్తున్నాయో రాయటానికే ఇది. ఇందులో ఒకచోట కల్పన ఉంది. అది ఎక్కడన్నది చివర్లో నేనే చెబుతాను.

మా బావ సంగతితో మొదలుపెట్టాలి. బావ అంటే మా పెద్దక్క భర్త. ఎ.కొండూరు దారిలో రోడ్డు దిగి మెట్ట మీదికి పోతే ఆయన మామిడి తోట, తోటలోనే రెండు గదుల ఇల్లు. పిల్లల్లేరు. మనుషులతో మాట్లాడాలంటే ఆయనకి మహా బద్ధకం. "ఏం బావా, బాగున్నావా?" అని అడిగితే ఆయన తలూపేలోగా మామిడి పూత పిందె అయ్యేది. కానీ కౌజుపిట్టలతో మాత్రం గంటలు గంటలు.

కౌజుపిట్టని చూడనివాళ్ల కోసం చెబుతాను. కోడిపెట్టలో సగముంటుంది. బూడిదరంగు మీద సన్నటి గోధుమరంగు గీతలు. రెక్కలున్నాయన్న సంగతి దానికి ఎవరైనా గుర్తుచేస్తే తప్ప ఎగరదు, పరిగెత్తుతుంది. పౌరుషం మాత్రం ఏనుగుకి అరువివ్వగలిగినంత. తెల్లవారగానే మగపిట్ట ఏ గట్టో ఎక్కి "కతిత్తర్ర, కతిత్తర్ర" అని కూస్తుంది. ‘ఈ చెలకంతా నాది, కాదన్నవాడు రండి’ అని దానర్థం. పక్క చెలకలోని మగపిట్ట వెంటనే తిరిగి కూస్తుంది. దాని అర్థం నేను రాయను, ఇది ఆడవాళ్లు కూడా చదువుతారు.

వేటగాళ్లకి ఆ పౌరుషమే పెట్టుబడి. పెంచిన మగపిట్టని పంజరంలో పెట్టి కంచె పక్కన ఉంచుతారు. దాన్ని దీమం అంటారు. చుట్టూ గుర్రపుతోక వెంట్రుకలతో ఉచ్చులు బిగిస్తారు. దీమం కూయగానే ఆ చెలక యజమాని పిట్ట ‘ఎవడ్రా నా ఇంట్లో?’ అని మెడ నిక్కించి వస్తుంది, కాలు ఉచ్చులో పడుతుంది. ప్రేమతో పిలిస్తే వచ్చేవాళ్లు తక్కువ, రెచ్చగొడితే రానివాడు లేడు. పిట్టల్లోనూ అంతే.

బావకి దీమం అక్కర్లేదు. ఆయన నోరే దీమం. రెండు అరచేతులూ దొన్నెలా మడిచి నోటి దగ్గర పెట్టుకుని, నాలుకని అంగిట్లో ఆడించి కూశాడంటే ఇటు విస్సన్నపేట నుంచి అటు పెనుగొలను దాకా ఉన్న కౌజులన్నీ నిలబడి వినేవి. నిమ్మకాయ లెక్కన, తోటలోవన్నీ. వయసులో ఉండగా ఆయన పట్టాడు, తిన్నాడు కూడా. ఇప్పుడది నేరమని నాకు తెలుసు. ఇది చదివేవాళ్లలో అటవీశాఖవారెవరైనా ఉంటే మనవి: ముప్పై ఏళ్ల నాటి మాట, పైగా ఆయన ఇప్పుడు మీకు దొరకడు.

ఆయన వేట మానేసింది మాత్రం చట్టానికి జడిసి కాదు. ఒకసారి ఎండాకాలంలో, గుడ్లు పొదిగే రోజులని తెలిసి కూడా, నాకు చూపించటానికి కూశాడు. మగపిట్ట రాలేదు. ఒక పెట్ట వచ్చింది, దాని వెనక గోళీకాయలంత పిల్లలు, వరసగా. వచ్చి మా ముందు నిలబడింది. పిలిచారు కదా, ఏం పని అన్నట్టు. బావ చేతులు దించేశాడు. ఆ సాయంత్రమే ఉచ్చులు పొయ్యిలో పెట్టేశాడు. ఆ తర్వాత కూడా కూసేవాడు గానీ, ఒట్టి మాటామంతీ కోసం. వచ్చినవాటికి గుప్పెడు గింజలు చల్లేవాడు. అంతా అయ్యాక ఇంకో కూత కూసేవాడు, మెల్లగా, కిందికి దిగుతున్న మెట్లలా. అది విని పిట్టలు తిరిగి పోయేవి. "పిలిచినవాడే సాగనంపాలిరా, లేకపోతే అవి అక్కడక్కడే తిరుగుతాయి" అనేవాడు. ఆయన నాతో మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదే.

పిలుపు కూత నేను నేర్చుకున్నాను. సాగనంపే కూత నేర్చుకోలేదు. పిట్ట కనపడగానే నాకు ఉత్సాహం ఆగేది కాదు, అక్కకి చెప్పటానికి ఇంట్లోకి పరిగెత్తేవాణ్ని. చివరిదాకా ఏనాడూ అక్కడ నిలబడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి కూడా. బావకి పై వరసలో ఒక పన్ను లేదు. కూస్తుంటే రోషమొచ్చిన మగపిట్ట ఎగిరొచ్చి ముక్కుతో పొడిచి ఊడగొట్టిందని నేను నలభైమందికి చెప్పాను. చెరుకుగడ కొరికితే ఊడింది. ఆ సందులోంచి కూత చివర గాలి తప్పించుకుని సన్నటి ఈల వచ్చేది. "కతిత్తర్ర, స్వీ." అక్క కట్టుడుపన్ను పెట్టించుకోమని పోరితే, "అన్నం నమలటానికి మిగతావి చాలు" అన్నాడట. పన్ను పెడితే కూత పోతుందని ఆయన భయం.

ఎందుకంటే అక్కని పిలిచేదీ ఆ కూతతోనే. పేరు పెట్టి పిలవటం వాళ్ల ఇంటా వంటా లేదు. ‘ఏమే’ అనటానికి మొహమాటం. తెల్లారి మోటారు ఆపి వస్తూ తోట చివర్నించి ఒక్కసారి కూసేవాడు. అక్క కాఫీ పొయ్యి మీద పెట్టేది. "ముప్పై ఏళ్లలో నన్నొక మనిషిలా పిలిచిన పాపాన పోలేదురా మీ బావ. పిట్టకీ నాకూ ఒకటే పిలుపు" అని నాతో చెప్పుకుని నవ్వేది. ఆయనకి షుగరు, కాబట్టి కాఫీ చప్పనే.

రెండేళ్ల కిందట, తోటంతా పూతతో ఉన్నప్పుడు, ఆయన మోటారు ఆపి వచ్చాడు. ఆ రోజు కూయలేదు. అక్క చూసేసరికి వసారాలో మంచం మీద కూర్చుని గోడకి ఒరిగి ఉన్నాడు. ఇక్కడ పెంచటానికి నాకేమీ దొరకలేదు.

కర్మ రోజున పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి ముట్టాలి. తిరువూరు మండలంలో ఉన్న కాకులన్నీ మామిడి కొమ్మల మీద వాలాయి. ఒక్కటీ దిగలేదు. అరగంట చూశాం. పంతులుగారు గొంతు సవరించుకుని, ఆయన కోరికేదో తీరలేదమ్మా, మనసులో మొక్కుకోండి అన్నారు. అక్క చేతులు జోడించి ఏదో గొణిగింది. కాకులు తమలో తాము ఏదో గొణుక్కున్నాయి. చివరికి పంతులుగారే నీళ్లలో కలపమన్నారు. అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. "కాఫీ తాగకుండా పోయారురా. ఆ రోజు పొయ్యి మీద పెట్టాను కూడా. పిలవకపోయేసరికి పొంగి పోయింది" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా జరిగిన దానికి నన్ను ఎవరూ క్షమించక్కర్లేదు.

పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వు లేని ఇల్లంటే నీళ్లు లేని మోటారు లాంటిది, తిరుగుతుంది, కాలిపోతుంది. వేపపుల్ల నములుతూ తోట చివరికి పోయాను. అక్కడ గట్టు లేని పాత నేలబావి ఉంది. బోరు వేశాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు, చుట్టూ కంప, గడ్డి. లోతు నాలుగు తాటిచెట్లు. సరే, ఒక తాటిచెట్టు. అదైనా చాలు. ఆ పక్కన నిలబడితే బావ గుర్తొచ్చి, నా చేతులు వాటంతటవే దొన్నె అయ్యాయి. నాకు పళ్లన్నీ ఉన్నాయి, ఈల రాదు. కానీ వేపపుల్ల పళ్లకి అడ్డంగా పెట్టుకుంటే గాలి సరిగ్గా ఆయన సందులోంచి వచ్చినట్టే వస్తుంది. ఈ కిటుకుతో ఆయన్ని బతికుండగానే ఎన్నోసార్లు వెక్కిరించాను. ఆయన నవ్వేవాడు కూడా.

"కతిత్తర్ర, స్వీ."

అచ్చం ఆయనే. నాకే ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు అణగకముందే ఇంటి వైపు నుంచి కాళ్ల చప్పుడు. అక్క. చెప్పుల్లేవు, జుట్టు ముడి ఊడిపోయింది, చేతిలో స్టీలు గ్లాసు, అందులోంచి పొగ. నేను మామిడి చెట్టు చాటుకి జారుకున్నాను. నా పొట్ట ఏ చెట్టు వెనకా దాగేది కాదు, ఆ రోజు దాగింది.

అక్క బావి దాకా వచ్చి ఆగింది.

"ఏమండీ" అంది.

అంతే. నేను బయటికి వచ్చి ‘నేనే అక్కా’ అనాలి. అనలేదు. అక్క కాసేపు చూసి, గ్లాసు బావి పక్క రాతి మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నాకు నోరు పిడచగట్టుకుపోయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ కాఫీ తీసుకుని గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు అక్కడే పెట్టి, కంచె దూకి దొడ్డిదారిన ఇల్లు చేరాను.

గంట తర్వాత అక్క ఆ గ్లాసు పట్టుకుని వసారాలోకి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత ఆమె మొహంలో రక్తం కనపడింది. "చూడరా తమ్ముడూ. కాకి ముట్టలేదు గానీ, మీ బావ తాగారు" అంది. ఆ పూట అన్నం తిన్నది, రెండోసారి పెట్టించుకుంది కూడా. ఇక నేనేం చెప్పను? ఆడదాని కంచం ముందు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. తర్వాత చెబుదాంలే అనుకుని తిరువూరు వచ్చేశాను.

వచ్చిన మర్నాడు పొద్దున షాపు తాళం తీస్తుంటే ఫోను.

"ఇవ్వాళ కూడా పిలిచార్రా" అంది అక్క.

"ఎవరక్కా?"

"ఎవరేంటి? మీ బావ."

నేను ఆ టైములో తిరువూరులో, మా బాత్రూములో, తల మీద నీళ్లు పోసుకుంటున్నాను.

"కౌజు అయుంటుందిలే అక్కా. తోటలో బోలెడు."

"కౌజుకి పన్నూడుతుందా?" అంది. "చివర ఈల ఉందిరా."

వారం రోజులు రోజూ అదే ఫోను. రోజూ కాఫీ పెడుతోంది, రోజూ గ్లాసు ఖాళీ అవుతోంది. మాతో వచ్చి తిరువూరులో ఉండమని మా ఆవిడ అడిగితే, "ఆయన ఇక్కడుంటే నేనెక్కడికి రాను?" అంది. ఎనిమిదో రోజు బండేసుకుని తోటకి పోయాను. దారిలో నాకు నేను ధైర్యం చెప్పుకుంటూ పోయాను. నా మాటలు నేనే నమ్మకపోవటం నాకు కొత్త కాదు గానీ, అంతగా ఎప్పుడూ లేదు.

ముందు తోట కాపలా ముసలాయన్ని పట్టుకున్నాను. ఆయన వయసులో దీమం పిట్టలు పెంచినవాడు, బావకి పిలుపు కూత నేర్పింది కూడా ఆయనే అంటారు.

"ఏం పెద్దాయనా, పొద్దున్నే కూసేది నువ్వేనా?"

ఆయన నోరు బార్లా తెరిచి చూపించాడు. ఒక్క పన్ను లేదు. "ఈలెయ్యటానికి ఇందులో ఏముందండి బాబూ? గాలొస్తే ఈ చివర్నించి ఆ చివరికి పోద్ది."

"మరి కాఫీ ఎవరు తాగుతున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "నేనేనండి. గ్లాసు నిండుగా ఉంటే అమ్మగారు ఆ పూట అన్నం తినట్లేదండి. ఏం చెయ్యమంటారు? నాకసలు కాఫీ పడదు, కడుపులో మంట."

ఇద్దరం దొంగలం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కాఫీ లెక్క తేలింది. కూత లెక్క మిగిలింది.

ఆ రాత్రి వసారాలో పడుకుని, తెల్లవారకముందే కళ్లు తెరుచుకుని ఉన్నాను. పొగమంచు మామిడి చెట్లని నడుముదాకా మింగేసింది. ముందు మెట్ట మీద ఒక కౌజు కూసింది. పక్క చెలక నుంచి ఇంకోటి తిట్టింది. ఇటునుంచి మూడోది. మామూలు పొద్దే. నవ్వుకుని దుప్పటి కప్పుకోబోయాను.

అప్పుడు బావి అవతల నుంచి వచ్చింది. "కతిత్తర్ర, స్వీ."

నన్ను భయపెట్టింది ఆ ఈల కాదు. ఆ తర్వాతి నిశ్శబ్దం. మగపిట్ట కూస్తే పక్క మగపిట్ట చచ్చినా ఊరుకోదు. కానీ ఈ కూతకి ఏ పిట్టా బదులు తిట్టలేదు. అంతవరకూ గొడవ పడుతున్న మూడూ ఒక్కసారి గొంతు మూసుకున్నాయి, పెద్దవాళ్లు వసారాలోకి వస్తే పిల్లలు మూసుకున్నట్టు.

లోపల స్టవ్ వెలిగిన చప్పుడైంది. అక్క గ్లాసు పట్టుకుని నా మంచం పక్కనుంచే నడిచి పోయింది. నేను నిద్ర నటించాను. నటించటానికి కష్టపడలేదు, కాళ్లు ఎలాగూ లేవవు.

తెల్లారాక నేనూ ముసలాయనా తోటంతా గాలించాం. ఈమధ్య కొందరు దొంగవేటగాళ్లు ఫోనులో కూత పెట్టి, చిన్న స్పీకరు పొదలో దాచి ఉచ్చులు పన్నుతున్నారు. బావ కూతని ఎవరైనా ఎప్పుడైనా రికార్డు చేసుకున్నారేమోనని నా ఆశ. ఎలక్ట్రికల్ షాపువాణ్ని, స్పీకరు దొరికితే నాకు దయ్యం వదిలినట్టే. కంపలో మాకు దొరికినవి: ఒక బీరు సీసా, ఒక ఎడమకాలి చెప్పు, నా షాపు పేరున్న మోటారు కవరు. ఉచ్చుల్లేవు, వైర్లు లేవు. ముసలాయన అడుగులు తీసేస్తే మనిషి నడిచిన జాడ ఒక్కటే ఉంది, ఇంటి నుంచి బావి దాకా, అక్క కాళ్లకి గడ్డి అణిగిన దారి. ఆ దారి రోజురోజుకీ రాతిని దాటి ముందుకి పోతోంది. మొదటి రోజు గ్లాసు పెట్టిన రాయి దారికి వెనకపడిపోయింది. చివరి అడుగులు బావి అంచు మీదే ఉన్నాయి.

ముసలాయన ఆ అడుగుల వైపు చూసి, నా వైపు చూశాడు.

"బాబూ, అబద్ధం ఆడకుండా చెప్పండి. ఎవరన్నా పిలిచారా అయ్యగారిని?"

నేను గ్లాసు పెట్టే రాతి వైపు చూశాను.

"పిలిచి వదిలేశారా? సాగనంపలేదా?"

"నాకు ఆ కూత రాదు" అన్నాను.

"ఓరి దేవుడా" అన్నాడు ఆయన. మనుషులు నన్ను చాలా తిట్టారు, అంత మెల్లగా ఎవరూ తిట్టలేదు.

మర్నాడు నేను మంచం మీద పడుకోలేదు. తెల్లవారకముందే బావి దగ్గర కంపలో కూర్చున్నాను. ముసలాయన అవతలి చెట్టు కింద. కూత వచ్చింది. నేనున్న చోటికి ఎదురుగా, బావికి అవతల, పది గజాల్లో. అక్కడ గడ్డి ఉంది, మంచు ఉంది. కూసే నోరు లేదు.

అక్క వచ్చింది. ఆగలేదు. రాతి దగ్గర ఆగలేదు, గడ్డి దగ్గర ఆగలేదు. కళ్లు బావికి అవతల ఉన్నాయి, కాళ్లు బావి వైపు ఉన్నాయి. "వస్తున్నానండీ, చల్లారిపోతోంది" అంటోంది, ఎదురింటి గుమ్మంలో ఉన్న మనిషితో అన్నంత మామూలుగా. అంచు మట్టి ఆమె పాదం కింద జారింది.

ఎలా లేచానో తెలియదు. ఈ పొట్టతో నేను గాల్లో ఎగిరానని ముసలాయన ఇప్పటికీ చెబుతాడు. కోతల్లో ఆయన నాకంటే ఘనుడు. చెయ్యి దొరికింది, పట్టుకుని వెనక్కి లాగాను, ఇద్దరం గడ్డిలో పడ్డాం. గ్లాసు బావిలోకి పోయింది. చాలాసేపటికి గానీ దాని చప్పుడు పైకి రాలేదు.

"వదలరా! పిలుస్తున్నారు" అంది అక్క.

"పిలిచింది నేనక్కా."

అక్క పెనుగులాట ఆపింది.

"కర్మ మర్నాడు. ఇక్కడే నిలబడి, వేపపుల్లతో. ఆ చెట్టు వెనక దాక్కున్నాను. కాఫీ తాగింది కూడా నేనే. తర్వాతివి పెద్దాయన. ఈ వారం రోజులుగా కూసేదెవరో నాకు తెలియదు. ఒట్టు, ఇది కోత కాదు."

లాగి ఒక్కటి కొట్టింది, మా చిన్నప్పుడు కొట్టినట్టే, వీపు మీద. ఇంకోటి కొట్టబోయి, చెయ్యి నా భుజం మీదే ఉంచేసింది. తర్వాత అడిగింది:

"ఆ రోజు కాఫీ నువ్వు తాగావా?"

"అవునక్కా."

"తీపి సరిపోయిందా?"

నాకు అర్థం కాలేదు.

"ఇన్నేళ్లూ చప్ప కాఫీ ఇచ్చాను ఆయనకి. రోజూ మొహం చిట్లించి తాగేవారు. ఆ పొద్దున పిలవగానే, ఇంకేం షుగరులే అని రెండు చెంచాలు వేశాను. సరిపోయిందా?"

"సరిపోయిందక్కా" అన్నాను. నిజానికి నాకు రుచే తెలియలేదు. ఈ చిన్న అబద్ధం మాత్రం వెనక్కి తీసుకోను.

అక్క లేచి చీర దులుపుకుంది. బావి అవతలికి చూసి, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టుగా, "పాపం, ఈ వెధవ పిలిచి ఊరుకున్నాడా? ఎటు పోవాలో తెలియక ఇక్కడే తిరుగుతున్నారా?" అంది. తర్వాత ముసలాయన్ని గింజలు తెమ్మంది. ఆయన గుప్పెడు జొన్నలు తెచ్చి ఆమె దోసిట్లో పోశాడు. వాటిని బావి అవతలికి విసిరింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. దొన్నెలా కాదు, విప్పి, ఎవరికో తలుపు తీసి పట్టుకున్నట్టు.

అక్క కౌజులా కూయటం నేనెప్పుడూ వినలేదు. ఎవరూ వినలేదు. ముప్పై ఏళ్లు వంటింట్లోంచి చివరి కూత దాకా విన్నది ఆమె ఒక్కతే. మెల్లగా, ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు దిగుతూ, మూడుసార్లు కూసింది. మూడోదానికి గొంతు జీరపోయింది.

బావి అవతల గడ్డి కదిలింది. ఒక కౌజు బయటికి వచ్చింది. ముసలి మగపిట్ట, ఒక కాలు కొంచెం ఈడుస్తోంది. నాలుగు గింజలు ఏరుకుంది, తలెత్తి అక్క వైపు ఒక్కసారి చూసింది, తర్వాత తాపీగా మంచులోంచి మెట్ట వైపు నడుచుకుంటూ పోయింది.

"వెళ్లారు" అంది అక్క.

ఆ మధ్యాహ్నమే బావి మీద వేయటానికి ఇనప జాలీ తెప్పించాం. అక్క నాతో తిరువూరు వచ్చి నెలరోజులుంది, కాయ దిగే వేళకి తిరిగి తోటకి పోయింది. ఇప్పుడు బాగానే ఉంది. పొద్దున్నే కాఫీ ఒక్క గ్లాసే పెట్టుకుంటుంది, తీపిగా. ఆ కూత మళ్లీ వినపడలేదు, ఆమెకీ, ముసలాయనకీ, నాకూ.

ఇక మాటిచ్చాను కాబట్టి కల్పన ఎక్కడుందో చెప్పాలి. కాకుల సంఖ్య పెంచాను, తాటిచెట్ల లెక్క అక్కడే దించాను, అవి లెక్కలోకి రావు. ఈల నిజం. పిట్టలు నోరు మూసుకోవటం నిజం. కాఫీ నిజం. అక్క ‘వెళ్లారు’ అనటమూ నిజమే.

కల్పించింది ఆ కౌజుని.

ఏ పిట్టా రాలేదు. గడ్డి కదల్లేదు. కాలు ఈడ్చటం, తలెత్తి చూడటం అన్నీ నేను పెట్టినవే. మేము విసిరిన జొన్నలు సాయంత్రానికి కూడా అలాగే ఉన్నాయి, చీమలు మోసుకుపోవటం నా కళ్లతో చూశాను. జరిగింది ఇంతే: అక్క మూడోసారి కూసి ఆపింది. బావి అవతల, ఏమీ లేని చోటు నుంచి, ఒక్కసారి బదులొచ్చింది, చాలా మెల్లగా, కిందికి దిగుతూ. చివర ఈల. తర్వాత అదే ఈల ఇంకొంచెం దూరం నుంచి. తర్వాత మెట్ట మీద నుంచి.

పిట్టని మీకోసం పెట్టలేదు. నాకోసం పెట్టుకున్నాను. పిట్ట ఉంటే ఆ అరగంట నా చెవులు కాస్త నిద్రపోతాయేమోనని.

ఆ రోజు నుంచి వేపపుల్ల నోట్లో పెట్టలేదు. బ్రష్షే వాడుతున్నాను.